ముప్ఫై వాట్ల గొంతు

మా ఆవిడ బల్ల సొరుగు తెరవడానికి నాకు పది నెలలు పట్టింది. తెరిస్తే అందులో మూడు వస్తువులున్నాయి. ఛార్జి లేక ఆగిపోయిన ఆమె సెల్‌ఫోను, ఒక నోటుపుస్తకం, సుద్దముక్కల పెట్టెంత అల్యూమినియం పెట్టె.

ఫోను నేనే, లోపలికి చూడకుండా, సొరుగు సందులోంచి పడేశాను. మిగతా రెండూ ఆమెవి. పెట్టె వెనకవైపు దువ్వెన పళ్లలా వరసగా రేకులున్నాయి. ఒక పక్క రేడియో తీగ బిగించడానికి గుండ్రటి మూతి, ఎదుటి పక్క ఏరియల్ తీగకి అలాంటిదే మరొకటి. ఎరుపూ నలుపూ తీగలు రెండు బయటికి వేలాడుతున్నాయి. మూత మీద తెల్లకాగితం అంటించి ఉంది. దాని మీద ఆమె రాత.

"ముందు ఏరియల్. తర్వాత బ్యాటరీ. ఆ తర్వాత రేడియో, తక్కువలో పెట్టి. అన్నిటికన్నా చివర నోరు. వరస తప్పితే పెట్టె దక్కదు."

ఆమె టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో టెక్నీషియన్‌గా పాతికేళ్లు పనిచేసింది. నేను హైస్కూల్లో భాష చెబుతాను. ఆమె పగలంతా ఊళ్లోవాళ్ల మాటలు ఒకరితో ఒకరికి కలిపి, ఇంటికొచ్చి ఇంత తిని, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసుకుని తన చేతి రేడియో ముందు కూర్చునేది. అది వ్యాపారం కోసం కాదు, ఉద్యోగం కోసం కాదు. పరీక్ష రాసి లైసెన్సు తెచ్చుకున్నవాళ్లు ఒకరితో ఒకరు గాలిలో మాట్లాడుకునే సరదా. వాళ్లకి ప్రభుత్వం తలా ఒక గుర్తు ఇస్తుంది. ఊళ్లో పేర్లు వేరు, గాలిలో ఆ గుర్తే పేరు. ఆమె గుర్తు చివరి రెండు అక్షరాలు వాళ్ల పద్ధతిలో పలికితే "టాంగో లీమా". అందరూ లీమా అక్క అనేవారు.

"ఇంట్లో ఒకరికే లైసెన్సుంటే ఇల్లు సగమే మాట్లాడినట్టు మాస్టారూ" అని నన్నూ పరీక్షకి కూర్చోబెట్టింది. ఆమెకన్నా నాకు నాలుగు మార్కులు ఎక్కువొచ్చాయి. ఆ నాలుగు మార్కుల గొప్ప ఏడాది పొడుగునా చెప్పుకున్నాను. నా గుర్తు ఆమె తర్వాతి అక్షరంతో వచ్చింది, "టాంగో మైక్". పేరులోనే మైకున్న మనిషి మైకు ముట్టడేమిటని ఆమె తన స్నేహితులందరికీ చెప్పి నవ్వేది. నేను ముట్టలేదు. ఆరేళ్లు ముట్టలేదు.

నాకు శబ్దం పడదు. క్లాసులో వెనక బెంచీ గుసగుస కూడా పడదు. రేడియోలో ఎవరూ మాట్లాడనప్పుడు సన్నటి హోరు వస్తూ ఉంటుంది. దాన్ని అణచడానికి ఒక మీట ఉంది, సున్నా నుంచి తొమ్మిది దాకా. ఆమె ఎప్పుడూ దాన్ని ఒకటి దగ్గర ఉంచేది. నేను ఆ గదిలోంచి వెళుతూ తొమ్మిదికి తిప్పేవాణ్ణి. ఆమె తల ఎత్తకుండానే మళ్లీ ఒకటికి తిప్పేది.

"ఆ హోరులోనే మనుషులుంటారు మాస్టారూ" అనేది.

నేను పక్కగదిలోకి పోయి తలుపు వేసుకుని కాంపోజిషన్లు దిద్దుకునేవాణ్ణి.

ఆమె పోయిన పదో రోజున ఆమె ఫోను మోగింది. అవతల మాట్లాడినాయన ఓడరేవులో వైర్‌లెస్ ఆపరేటరుగా చేసి రిటైరయ్యాడు. వాళ్ల గుంపుకి ఆయనే పెద్ద, అందరూ పెద్దాయన అనే అంటారు. ప్రతి ఆదివారం పొద్దున ఏడింటికి ఆయన ఒక్కొక్క గుర్తే పిలుస్తాడు, ఎక్కడివాళ్లక్కడి నుంచే పలుకుతారు. బడిలో హాజరు లాంటిదే.

"మాస్టారూ, మాలో ఒక పద్ధతుంది" అన్నాడాయన. "మనిషి పోయినా గుర్తుని వెంటనే కొట్టెయ్యం. ఏడాది పాటు పిలుస్తూనే ఉంటాం. ఈలోగా ఇంటివాళ్లెవరైనా, ఆ మనిషి కూర్చున్న చోటి నుంచే, గాలిలోకొచ్చి 'ఈ స్టేషన్ మూసేస్తున్నాం' అని ఒక్క మాట చెప్పాలి. చెబితే గౌరవంగా మూస్తాం. ఏడాదైనా ఎవరూ రాకపోతే నేనే గీత కొట్టేస్తాను. ఆ గీత కొట్టడం నాకు ఇష్టముండదు. మీకు లైసెన్సు ఉంది కదా."

ఉందని చెప్పాను. ప్రయత్నిస్తానని చెప్పాను. ఫోను సొరుగులో పడేశాను.

ముప్ఫై ఏళ్లుగా హాజరు పిలుస్తున్నవాణ్ణి నేను. రిజిస్టరులో పేరు మీద గీత పడటమంటే ఏమిటో నాకు తెలుసు. బడి మారిన పిల్లకైతే ఎర్రసిరాతో, పక్కన తేదీ వేసి, సంతకం పెట్టి కొడతాం. ఆమె పేరు మీద గీత ఎవరో ఎక్కడో కొట్టకూడదు. ఆమె బల్ల దగ్గర కూర్చుని నేను చెప్పాలి. అలా అనుకుంటూనే పది నెలలు గడిపాను. ఇంకా ఎనిమిది ఆదివారాలు మిగిలాయి.

చిక్కు ఏమిటంటే, మా ఇల్లు క్వారీ గుట్ట వెనక ఉంది. చేతి రేడియో బలం ఐదు వాట్లు. మునుపు ఆసుపత్రి మేడ మీద ఒక రిలే యంత్రం ఉండేది. అందరి మాటా అందుకుని గట్టిగా చేసి తిరిగి పంపేది. పోయిన వానాకాలం, ఆమె ఉండగానే, పిడుగు పడి అది కాలిపోయింది. అప్పటినుంచీ ఎవరి మాట వాళ్లే గుట్టలు దాటించుకోవాలి. ఐదు వాట్లు మా గుట్ట దాటవు. సొరుగులో ఆ పెట్టె ఎందుకుందో నాకప్పుడు అర్థమైంది.

నోటుపుస్తకంలో దాని గురించి ఒక పేజీ ఉంది. "రేడియోని తక్కువలో పెట్టి రెండు వాట్లు పోస్తే ముప్ఫై వస్తుంది. రెండుకి మించి పొయ్యకూడదు, లోపలిది మాడిపోతుంది. ఏరియల్ లేకుండా మాట్లాడితే ఒక్క క్షణంలో పోతుంది. ఒక నిమిషం మాట, రెండు నిమిషాలు విరామం, లేకపోతే వేడెక్కుతుంది. మాస్టారికి సరిగ్గా సరిపోతుంది."

ఆ చివరి వాక్యం నేను చాలాసేపు చదివాను. ఆమె ఈ పెట్టెను తన కోసం చేసుకోలేదు. ఆమెకి ఒక నిమిషం ఏ మూలకీ చాలదు.

పేజీ అడుగున ఇంకొక మాట ఉంది. "ఇది మన మాటని పెంచుతుంది, అవతలి మాటని కాదు. వినడం మన పని." అదీ చదివాను. పాఠం చెప్పేవాణ్ణి కదా, అర్థమైందనే అనుకున్నాను.

మా బావమరిది బ్యాటరీల దుకాణం నడుపుతాడు. అక్కకీ తమ్ముడికీ పదేళ్ల తేడా. శనివారం సాయంత్రం స్కూటరు మీద బ్యాటరీ తెచ్చి, బల్ల కింద పెట్టి, నడుం పట్టుకుని లేచాడు.

"బావా, దీంతో కారు స్టార్టవుద్ది. నువ్వు స్టార్టవుతావో లేదో మరి."

"తీగలు చూసి తగిలించు" అన్నాను.

"ఎరుపు ఎరుపుకి, నలుపు నలుపుకి. నాకు నువ్వు చెప్పాలా?" అన్నాడు. మూత మీది కాగితం చూసి ఆగిపోయాడు. దాన్ని బొటనవేలితో తుడిచాడు, దుమ్మేమీ లేకపోయినా. "వరస తప్పితే పెట్టె దక్కదట. చిన్నప్పుడు నాకు చెప్పులేసుకోడం కూడా ఇట్టాగే రాసిచ్చింది. ముందు కుడి, తర్వాత ఎడమ, ఆఖర్న వీధి."

ఏరియల్ తీగ మేడ మీదినుంచి కిటికీ సందులోంచి అప్పటికే దిగి ఉంది. పెట్టెకి బిగించాను. తర్వాత బ్యాటరీ. తర్వాత రేడియో, తక్కువలో పెట్టి. వాడు గుడ్లప్పగించి చూస్తున్నాడు.

"రెండు పోస్తే ముప్ఫై ఎట్టా వస్తది బావా? మిగతా ఇరవయ్యెనిమిది ఎక్కడివి?"

"నీ బ్యాటరీవి."

"అదీ సంగతి. అల్లుడి నోట్లో అత్తగారి సొమ్మన్నమాట."

రేడియో తగిలించగానే దానిలో హోరు ఎక్కువైనట్టు అనిపించింది. నేను మీటని తొమ్మిదికి తిప్పాను. గది నిశ్శబ్దమైంది. ప్రాణం హాయిగా ఉంది. ఇప్పుడు పని చెయ్యొచ్చు అనుకున్నాను.

ఆదివారం ఏడింటికి హాజరు. ముందు ఒకసారి సరిచూసుకుందామని ఆరున్నరకే కూర్చున్నాను. బటన్ నొక్కాను. పెట్టెలో టిక్కుమని చిన్న చప్పుడైంది. ఎర్రదీపం వెలిగింది. నేనింకా ఒక్క మాటా అనలేదు. అయినా ఆ చిన్న పెట్టె నా కోసం నోరు తెరుచుకుని నిలబడింది. నా ముందు గోడ ఉంది, గోడ అవతల వీధి, వీధి అవతల గుట్ట. వాటన్నిటినీ దాటి వెళ్లేది ఇక్కడ సిద్ధంగా ఉంది.

"టాంగో మైక్. పరీక్ష కోసం మాట్లాడుతున్నాను. ఎవరికైనా వినిపిస్తోందా?"

బటన్ వదిలాను. టిక్కుమంది. దీపం ఆరింది. నిశ్శబ్దం.

పదిసార్లు పిలిచాను. ఏడయింది, ఏడుంబావయింది. ఎవరూ పలకలేదు. హాజరు కూడా వినిపించలేదు. గుట్ట దాటలేదనుకున్నాను. వరసగా అన్నీ ఊడదీశాను, ముందు నోరు, ఆఖరున ఏరియల్.

సాయంత్రం పక్కింటి టైలరమ్మ గోడ మీదుగా పలకరించింది. "మాస్టారూ, పొద్దున్నే ఏం చేశారండీ? నా పాటల పెట్టె పదిసార్లు గురక పెట్టింది. మా ఆయనే అనుకుని తట్టి లేపాను పాపం."

ఆ సంగతి చెబితే బావమరిది నవ్వాడు. "పక్కింటి దాకా పోయిందిగా. దానికి బ్యాటరీ ఎందుకు బావా, కిటికీ తీసి అరిస్తే చాలదా?"

రెండో ఆదివారమూ అంతే. ఏరియల్ తీగ బిగింపు మళ్లీ చూశాను. మేడెక్కి ఏరియల్ కడ్డీ నిటారుగా ఉందో లేదో చూశాను. అంతా ఆమె పెట్టినట్టే ఉంది.

మూడో ఆదివారం ఐదుసార్లు పిలిచి ఆగాను. ఎర్రదీపం వెలిగే ఉంది, వేలు బటన్ మీదే ఉంది. వినేవాళ్లెవరూ లేరని తెలిశాక మనిషి నోరు ఎటు పోతుందో చెప్పలేం.

"నీళ్ల ట్యాంకు లీకు బాగుచేయించాను" అన్నాను. "వారానికే మళ్లీ కారింది. నువ్వు చెప్పినట్టు మూల దగ్గరే."

వదిలాను. టిక్కుమంది. ఒంటరిగా గదిలో పైకి మాట్లాడితే అది వేరు. ఇది అలా లేదు. మాట నోట్లోంచి బయల్దేరి, తీగలోంచి పెట్టెలోకి పోయి, పదిహేను రెట్లు పెరిగి, మేడ మీది కడ్డీ చివర నుంచి ఎటు పడితే అటు వెళ్లిపోయింది. అందినవాళ్లు లేకపోయినా వెళ్లడం మాత్రం నిజం. రేకుల మీద చెయ్యి పెడితే వెచ్చగా ఉంది. ఆ వెచ్చదనమే సాక్ష్యం.

నాలుగో ఆదివారం, "నీ కళ్లద్దాలు నువ్వు పెట్టిన చోటే ఉన్నాయి. రోజూ తుడుస్తున్నాను. ఎందుకని అడక్కు" అన్నాను. ఐదో ఆదివారం, "మీ తమ్ముడు బాగానే ఉన్నాడు. అందర్నీ నవ్విస్తున్నాడు. మరీ ఎక్కువ నవ్విస్తున్నాడు, కాబట్టి బాగా లేడేమో" అన్నాను. ఒక నిమిషం మాట, రెండు నిమిషాలు విరామం. ఏడింటికి ఒకసారి గుర్తు చెప్పి, జవాబు రాక, తీసేసేవాణ్ణి.

ఆరో ఆదివారం చెప్పింది నేను ఎవరికీ చెప్పనిది.

"ఆ రోజు ఆసుపత్రిలో నువ్వు ఏదో చెప్పబోయావు. పెదవులు కదిలాయి. వరండాలో టీవీ మోగుతోంది. నీ మాట సరిగ్గా వినాలని, టీవీ తగ్గించమని చెప్పడానికి బయటికి వెళ్లాను. తగ్గించారు. నేను తిరిగి వచ్చేసరికి గది అంతా నిశ్శబ్దంగా ఉంది." అక్కడ వేలు వదలాల్సింది, వదల్లేదు. "నీ దగ్గరికి వంగి ఉంటే వినిపించేదని నాకు తెలుసు. ఆ హోరులోనే వినిపించేది."

వదిలాను. ఆ రోజు ఏడు దాకా కూర్చోలేదు.

మంగళవారం బావమరిది వచ్చాడు. ఎన్ని మిగిలాయని అడిగాడు. రెండని చెప్పాను.

"బావా, మొండి పట్టు మాను. ఆదివారం స్కూటరెక్కి గుట్ట మీదకి పోదాం. అక్కణ్ణించి ఆ ఐదు వాట్లే చాలు, ఓడరేవు దాకా పోద్ది. ఒక మాట చెప్పి దిగొచ్చేద్దాం."

"ఆమె కూర్చున్న చోటి నుంచే రావాలి."

"ఎవడు చూడొచ్చాడు? గాలికేం తెలుసు, నువ్వు కుర్చీలో ఉన్నావో గుట్ట మీదున్నావో."

"నాకు తెలుసు."

వాడు కాసేపు బ్యాటరీ మూతలు గోకుతూ కూర్చున్నాడు. "నలభయ్యేళ్లొచ్చినా నాకు మా అక్కకి అబద్ధం చెప్పడం చాతకాలేదు. నీకూ చాతకాదులే" అని లేచాడు. గుమ్మం దగ్గర ఆగి, "కానీ బావా, గీత పడితే నేను చూడలేను" అన్నాడు. ఈసారి నవ్వించలేదు.

గురువారం బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఒక మందపాటి కవరుంది. ఓడరేవు ముద్ర. లోపల ఒక ఉత్తరం, కొన్ని కార్డులు. ఈ కార్డుల సంగతి నాకు తెలుసు. ఎవరి మాటైనా గాలిలో అందితే, అందిందని తేదీ, సమయం, ఎంత స్పష్టంగా ఎంత బలంగా వినబడిందో వేసి, ఒక కార్డు పంపుకోవడం వాళ్ల మర్యాద. ఆమెకి వచ్చినవి అటక మీద మూడు అట్టపెట్టెలున్నాయి. నా పేరున ఒక్కటీ ఎప్పుడూ రాలేదు.

పై కార్డు మీద "టాంగో మైక్ వారికి" అని ఉంది. పంపింది ఒక లైట్‌హౌస్ కాపరి. మా ఊరికి నూట ఎనభై కిలోమీటర్లు, మధ్యలో కొంత సముద్రం. మూడో ఆదివారం తేదీ, ఆరూ నలభై రెండు నిమిషాలు. స్పష్టత ఐదుకి ఐదు. కింద చిన్న అక్షరాలతో, "మా ట్యాంకు కూడా మూల దగ్గరే కారుతుంది. తారు పట్టించండి, సిమెంటు ఆగదు."

నేను నిలబడే ఉన్నాను. కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

రెండోది రాత్రి డ్యూటీ ముగించుకుని వచ్చే నర్సు పంపింది. "కళ్లద్దాలు అక్కడే ఉంచండి." అంతే. మూడోది ఒక లారీ డ్రైవరు. దారి పక్కన బండి ఆపుకుని చేతి రేడియోలో విన్నాడట. "మీ బావమరిదిని ఒకసారి ఏడవనివ్వండి సార్" అని రాశాడు. ఇంకా ఉన్నాయి. మొత్తం పదకొండు. అన్నిటి మీదా ఆరున్నరకీ ఏడుకీ మధ్య సమయమే. ఆరో ఆదివారం తేదీ ఉన్నవి నాలుగు. వాటి మీద స్పష్టత, బలం అంకెలు తప్ప ఏ మాటా లేదు.

మొదట సిగ్గు వేసింది. ముసలివయసులో వీధిలో బట్టలు జారినట్టయింది. కార్డులు బోర్లించి, లేచి, మంచినీళ్లు తాగి వచ్చాను. తర్వాత ఉత్తరం విప్పాను.

"మాస్టారికి నమస్కారం. మొదటి ఆదివారమే మీరు మా అందరికీ వినిపించారు. నేను పన్నెండుసార్లు జవాబిచ్చాను. మీకు అందడం లేదని అర్థమైంది. రిలే పోయాక మాలో చాలామంది ఐదు వాట్లతోనే నెట్టుకొస్తున్నాం, మా మాటలు మీ గుట్ట వెనక్కి సన్నగా వస్తాయి. మీరు హోరు మీట బాగా బిగించి ఉంటారు, హోరుతో పాటు మా సన్నటి మాటలూ అణిగిపోతున్నాయి. లీమా అక్క చెప్పేది, మాస్టారికి చప్పుడు పడదని. మీటని కిందికి దించితే మేం వినబడతాం.

"ఈ ఉత్తరం ఐదు వారాల క్రితమే వేసి ఉండాల్సింది. అక్క నంబరు మోగలేదు, కాని చిరునామా నా దగ్గరుంది. మూడో ఆదివారం తర్వాత కావాలనే ఆగాను. మేం వింటున్నామని తెలిస్తే మీరు ఆపేస్తారని భయపడ్డాను. ఇంకొకరి బాధ చాటుగా విన్నట్టే ఇది, తప్పే. మన్నించండి. ఒకరికొకరు చెప్పుకుని అందరూ ఆరున్నరకే రావడం మొదలుపెట్టారు. ఎవరూ బటన్ ముట్టేవారు కాదు. ఆరో ఆదివారం మీరు మాట్లాడాక ఏడింటికి నేను హాజరు పిలవలేదు. ఎందుకు పిలవలేదని ఒక్కరూ అడగలేదు. మావాళ్లు మీకిమ్మని నాకు పంపిన కార్డులూ ఇందులో పెట్టాను. ఇంకా రెండు ఆదివారాలున్నాయి కాబట్టి ఇక ఆగకూడదని రాస్తున్నాను."

బల్ల దగ్గరికి వెళ్లాను. ఏరియల్, బ్యాటరీ, రేడియో. మీట తొమ్మిది దగ్గరుంది. దాన్ని తిప్పడానికి నా వేళ్లు ఒప్పుకోలేదు. ఎనిమిది. ఏడు. నాలుగు దగ్గర చటుక్కున హోరు మొదలైంది. ఒకటికి దించి, కళ్లు మూసుకుని, దాన్ని భరించాను. ఇంట్లో నీళ్లు మరుగుతున్నట్టు, దూరంగా వాన పడుతున్నట్టు ఉంది. ఐదు నిమిషాలు గడిచాయి. అది ఒక్కలాగే ఉండదని అప్పుడు తెలిసింది. దానిలో పలచనా చిక్కనా ఉన్నాయి. పలచబడిన చోట, దారం అంత సన్నగా, ఒక మనిషి గొంతు.

"...సముద్రం ఇవాళ నున్నగా ఉంది. పడవలు రెండు కనిపిస్తున్నాయి..."

లైట్‌హౌస్ కాపరి. ఎవరితోనో మామూలు కబుర్లు చెప్పుకుంటున్నాడు. నూట ఎనభై కిలోమీటర్ల అవతల ఉన్న మనిషి మా ఇంట్లో, ఆమె బల్ల మీద, ఆమె కళ్లద్దాల పక్కన మాట్లాడుతున్నాడు. ఇన్ని వారాలూ ఇక్కడే ఉన్నాడు. ఆరేళ్లూ ఇక్కడే ఉన్నాడు. మధ్యలో గుట్ట కాదు, నా మీట ఉంది. నేను జవాబివ్వలేదు. ఇవ్వాలని తోచలేదు. చీకటిపడి టైలరమ్మ ఇంట్లో దీపం వెలిగేదాకా విన్నాను.

ఏడో ఆదివారం నేను మాట్లాడలేదు. ఆరున్నరకి కూర్చుని విన్నాను. ఎవరూ మాట్లాడలేదు. అయితే అది వట్టి నిశ్శబ్దం కాదు. ఇంతమంది ఒక్కొక్కరూ ఒక్కో ఊళ్లో వేలు బటన్‌కి దూరంగా పెట్టుకుని నా కోసం ఆగి ఉన్నారని తెలిసిన హోరు అది. అంతమంది నిశ్శబ్దంగా ఉండగా నేను ఏ క్లాసులోనూ చూడలేదు. ఏడింటికి పెద్దాయన హాజరు పిలిచాడు. "టాంగో లీమా" అన్నాడు. ఆగాడు. ఆ ఆగడంలో బటన్ దాకా వెళ్లిన వేలు వెనక్కి తీసుకున్నాను. ఆయన తొందరపడలేదు. తర్వాతి గుర్తు పిలిచేలోపే నేను రేడియో కట్టేశాను. ఒక్క ఆదివారం మిగిలింది.

ఆఖరి ఆదివారం బావమరిది తెల్లారకముందే వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. నేను చెప్పాల్సిన మాటలు కాగితం మీద రాసుకున్నాను. నాలుగుసార్లు దిద్దాను. వాడు భుజం మీదుగా చూశాడు.

"ఇంత చిన్నదా? నువ్వు పిల్లలకిచ్చే సెలవు చీటీ ఇంతకన్నా పొడుగుంటది."

"ఇంతే చాలు."

"హోరు ఎక్కువుంది బావా, తగ్గించనా?" అని మీట మీద చెయ్యి వేశాడు. వాడి చెయ్యి పట్టుకున్నాను.

"వద్దు. వాళ్లు అందులోనే ఉంటారు."

వాడు నా మొహం చూశాడు. ఆ మాట ఎవరిదో వాడికి తెలుసు. తలుపు వైపు తిరిగి, అద్దాల్లేని కళ్లని మణికట్టుతో తుడుచుకున్నాడు. లారీ డ్రైవరు చెప్పింది గుర్తొచ్చి నేను కాగితం వైపు తిరిగాను.

ఏడయింది. పెద్దాయన గొంతు వచ్చింది, సన్నగా, కానీ అక్షరం పోకుండా. ఒక్కొక్కరే పలుకుతున్నారు. నర్సు పలికింది. లారీ డ్రైవరు పలికాడు, వెనక ఇంజను మోగుతోంది. లైట్‌హౌస్ కాపరి పలికాడు.

"టాంగో లీమా."

బటన్ నొక్కాను. టిక్కుమంది. ఎర్రదీపం.

"టాంగో లీమా స్టేషన్ నుంచి టాంగో మైక్. ఆమె బల్ల దగ్గరే కూర్చుని చెబుతున్నాను. ఈ స్టేషన్‌ని ఇవాళ మూసేస్తున్నాం. ఇన్నాళ్లూ ఆమె మాట విన్నందుకు..."

కాగితం మీద తర్వాతి మాట "కృతజ్ఞతలు". అది నేనే రాశాను, నాలుగుసార్లు దిద్ది ఉంచాను. దాని దగ్గరికొచ్చేసరికి అది చాలలేదు.

"నా మాట కూడా విన్నారు" అన్నాను. వేలు వదిలాను.

"టాంగో లీమా, విన్నాం" అన్నాడు పెద్దాయన. "ఒక నిమిషం అందరం మౌనంగా ఉందాం."

నిమిషం పాటు హోరు. నేను మీట జోలికి పోలేదు. ఆమె ప్రతి సాయంత్రం కూర్చుని విన్నది ఇదే. బావమరిది నేల మీద, బ్యాటరీ పక్కన, మోకాళ్లు దగ్గరికి లాక్కుని కూర్చున్నాడు.

నిమిషం అయింది. నేను తీగ ఊడదీయబోయాను. పెద్దాయన గొంతు మళ్లీ వచ్చింది.

"తర్వాత, టాంగో మైక్."

నా చెయ్యి ఆగిపోయింది.

"ఈ గుర్తుని ఆరేళ్లుగా పిలుస్తున్నాను మాస్టారూ" అన్నాడాయన. "ప్రతివారం లీమా అక్కే జవాబిచ్చేది. 'మాస్టారు ఉన్నారు, పక్కగదిలో దిద్దుకుంటున్నారు, నోరు విప్పరు, హాజరు వెయ్యండి' అనేది. నేను వేసేవాణ్ణి. అక్క పోయాక మీ గుర్తు దగ్గర ఖాళీగానే ఉంచాను. టాంగో మైక్."

ఆయన ఆగాడు. ఒకరి హాజరు ఇంకొకరు పలికితే నేను క్లాసులో ఊరుకోను. ఇద్దర్నీ లేపి నిలబెడతాను. ముప్ఫై ఏళ్లుగా అదే చేస్తున్నాను. ఆరేళ్ల పాటు, తలుపు అవతల, మా ఇంట్లోనే ప్రతి ఆదివారం అది జరిగిందని నాకు తెలియదు.

రేకుల మీద చెయ్యి పెట్టి చూశాడు బావమరిది. "వెచ్చగుంది బావా. కానీ తట్టుకుంటదిలే. చెప్పు."

బటన్ నొక్కాను.

"టాంగో మైక్. హాజరు."

టిక్కుమంది. దీపం ఆరింది. హోరు తిరిగి వచ్చింది. తర్వాతి గుర్తు పిలుస్తున్నారు. ఎవరు పలుకుతారోనని ముందుకి వంగి కూర్చున్నాను.